లోడు పడితే ఆగిపోయే పాత ట్రాక్టర్: పంపు విప్పే ముందు చూడాల్సినవి

ఇంటి ముందు ఉన్నంతసేపూ బండిలో ఏ లోపమూ కనిపించదు. సెల్ఫ్ కొట్టగానే అందుకుంటుంది. ఐడ్లింగ్ సాఫీగా ఉంటుంది. యాక్సిలరేటర్ పెంచితే వీధి చివరిదాకా వినిపిస్తుంది. అదే బండి దమ్ము మడిలో దిగి రోటావేటర్ ఆనించగానే, లేదా ఇటుకల ట్రక్కుతో చెరువు కట్ట ఎక్కేటప్పుడు, గొంతు మారి కాసేపు మూలిగి ఆగిపోతుంది. పదిహేనేళ్లో ఇరవయ్యేళ్లో పొలంలో తిరిగిన ట్రాక్టర్లకు ఇది తరచూ వచ్చే రోగమే. చిక్కల్లా దానికి జరిగే వైద్యంతోనే. చాలాసార్లు మొదటి పానా డీజిల్ పంపు మీద పడుతుంది. డీజిల్ నడిచే దారి మొత్తంలో అన్నిటికంటే ఖరీదైనది, ఒకసారి కదిపితే పొలం గట్టున మళ్లీ సెట్ చేయలేనిది అదే.

ఇంటి దగ్గర బాగుండి పొలంలో మొరాయించడంలో వింతేమీ లేదు. పాత డీజిల్ ట్రాక్టర్‌లో యాక్సిలరేటర్ లివర్ నేరుగా డీజిల్‌ని పెంచదు. ఇంజిన్ ఎంత స్పీడులో తిరగాలో డీజిల్ పంపులోని గవర్నర్ అనే భాగానికి చెబుతుంది, అంతే. లోడు పడి స్పీడు కాస్త తగ్గగానే గవర్నర్ ఆ సంగతి గ్రహించి డీజిల్ పెంచుతుంది, తేలికపడగానే తగ్గిస్తుంది. 35 హెచ్‌పీ ఇంజిన్ ఐడ్లింగ్‌లో గంటకు లీటరు అటూ ఇటూ తాగితే, పూర్తి లోడులో ఏడెనిమిది లీటర్లు అడుగుతుంది. ఖాళీగా ఎంత గట్టిగా అరిపించినా ఆ అవసరంలో పావు వంతు దగ్గరే ఆగుతుంది. కాబట్టి ఫిల్టర్ సగం పైగా పూడిపోయి గంటకు మూడు లీటర్లే దాటనిస్తున్నా, ఇంటి ముందు తేడా తెలియదు. రోడ్డు మీద ఖాళీ బండిగా వెళ్తున్నా తెలియదు. గవర్నర్ నాలుగో లీటరు అడిగిన క్షణాన బయటపడుతుంది.

పరీక్షా కేంద్రాల్లో ట్రాక్టర్ బలాన్ని పీటీవోకి (వెనక పనిముట్లను తిప్పే షాఫ్ట్‌కి) డైనమోమీటర్ అనే కొలిచే యంత్రం తగిలించి, లోడు పెంచుకుంటూ పోయి కొలుస్తారు. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఒకటి ఉంది. ఊళ్లో అలాంటి యంత్రం ఉండదు కాబట్టి పొలమే పరీక్షాకేంద్రం. మెకానిక్‌ని ఇంటికి కాకుండా మడి దగ్గరికి పిలవాలి. ఖాళీ ఇంజిన్ శబ్దం విని చెప్పే తీర్పుకు పెద్ద విలువ లేదు.

అసలు లోపం ఇంజిన్‌దేనా అన్నది ముందు తేలాలి. ఇంజిన్ స్పీడు తగ్గకుండా బండి మాత్రమే నిలబడిపోతుంటే అది క్లచ్ జారడం. ఇంజిన్‌కు దానితో సంబంధం లేదు. బ్రేకులు పట్టేసి ఒక చక్రం వేడెక్కుతున్నా, నల్లరేగడిలో నాగలి లోతును అదుపు చేసే డ్రాఫ్ట్ కంట్రోల్ పనిచేయక నాగలి అవసరానికి మించి దిగిపోతున్నా, ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ కూడా ఆగిపోతుంది. 35 హెచ్‌పీ పాత బండికి పక్కవాళ్ల 50 హెచ్‌పీ బండి రోటావేటర్ తగిలించి, హై గేర్‌లో దమ్ము చేయాలనుకోవడం కూడా ఈ ఖాతాలోకే వస్తుంది. దీనికి మందు ఒక గేర్ తగ్గించడమే.

ఇంకొకటి చాలామంది చూడనిది. చేతి లివర్, కాలి పెడల్ నుంచి పంపు దాకా వెళ్లే రాడ్లు, బుష్‌లు అరిగిపోతాయి. పైన లివర్ చివరిదాకా నెట్టినా పంపు మీది లివర్ తన చివరి స్టాపర్‌ను తాకదు. ఇంజిన్‌ను ఆపేసి, ఒకరు పైన లివర్ నెడుతుంటే ఇంకొకరు పంపు దగ్గర నిలబడి చూస్తే నిమిషంలో తేలుతుంది. ఇంజిన్‌ను ఆపడానికి లాగే స్టాప్ కేబుల్ తుప్పు పట్టి పూర్తిగా వెనక్కి రాకపోయినా ఇదే కథ. బండి స్టార్ట్ అవుతుంది, నడుస్తుంది, కానీ సగం ఆపేసినట్టే నడుస్తుంది.

ఎలా ఆగిందో డ్రైవర్‌ని అడగాలి

ఇవన్నీ దాటాక అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఆగేముందు సైలెన్సర్‌లోంచి ఏం వచ్చింది? దీనికి జవాబు చెప్పగలిగింది బండి మీద కూర్చున్న మనిషే. మెకానిక్ వచ్చేసరికి పొగ పోయి ఉంటుంది. డ్రైవర్‌ని పక్కన నిలబెట్టి యజమాని, మెకానిక్ మాట్లాడుకుంటుంటారు కానీ, అసలు సాక్షి అతనే.

దట్టమైన నల్ల పొగ కక్కుతూ, బరువు మోయలేక మూలుగుతూ నెమ్మదిగా ఆగిందంటే డీజిల్ అందుతోంది, దాన్ని కాల్చడానికి గాలి చాలడం లేదని అర్థం. సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్ పాడై డీజిల్‌ని పొగమంచులా కాకుండా ధారలా కారుస్తున్నా నల్ల పొగే వస్తుంది. అలా కాక, పొగ పలచబడి, గొంతు సన్నబడి, ఒకసారి అందుకుంటూ ఒకసారి వదిలేస్తూ, ఎవరో స్టాప్ కేబుల్ లాగినట్టు ఆగిందంటే డీజిల్ అందడం లేదు. ఐదు పది నిమిషాలు వదిలేస్తే మళ్లీ ఏమీ జరగనట్టు స్టార్ట్ అవడం దీనికి తోడు వచ్చే గుర్తు. బిగుసుకుపోయినట్టు ఆగి, వెంటనే సెల్ఫ్ కొడితే బరువుగా తిరుగుతూ, దగ్గరికి పోతే సెగ కొడుతుంటే అది వేడి సమస్య. ఆ స్థితిలో మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొట్టకూడదు, రేడియేటర్ మూత తీయకూడదు. పిస్టన్ లైనర్‌ను పట్టుకుంటే చల్లారాక వదులుతుందేమో కానీ గీతలు మిగులుతాయి.

పాత బండ్లలో ఎక్కువగా తగిలేది రెండో రకం. అక్కడే ఎక్కువసేపు ఆగి వెతకాలి.

ట్యాంకు మూత నుంచి మొదలుపెట్టడం

డీజిల్ ట్యాంకు మూతకు చిన్న గాలి రంధ్రం ఉంటుంది. డీజిల్ ఖర్చయినకొద్దీ ఆ ఖాళీలోకి గాలి పోవాలి. దుమ్ము, డీజిల్ కలిసి గట్టిపడి ఆ రంధ్రం మూసుకుపోతే ట్యాంకులో వ్యాక్యూమ్ పెరిగి, ట్యాంకు నుంచి డీజిల్‌ని లాగి అసలు పంపుకు అందించే చిన్న ఫీడ్ పంపు ఎంత లాగినా డీజిల్ రాదు. అరగంటో గంటో నడిచి ఆగిపోతుంది. కాసేపటికి గాలి ఎక్కడో సందులోంచి చేరుకుని మళ్లీ నడుస్తుంది. ఆగిన వెంటనే మూత తిప్పి చూడాలి. బుస్సుమని గాలి లోపలికి లాక్కున్న శబ్దం వస్తే దొంగ దొరికినట్టే. అసలు మూత పోయిందని ప్లాస్టిక్ కవర్ కట్టి రబ్బరు బ్యాండ్ వేసిన ట్యాంకులు కూడా పల్లెల్లో కనిపిస్తాయి. అక్కడ గాలి సంగతి సరే, వాననీళ్ల సంగతి కూడా చూసుకోవాలి.

మూత బాగుంటే ట్యాంకు అడుగు చూడాలి. పంట పనులు లేని నెలల్లో ట్యాంకు సగం ఖాళీగా ఉండి, రాత్రి చలికి లోపలి గాలిలోని తేమ గోడల మీద నీరై అడుగుకు చేరుతుంది. డీజిల్ కంటే నీరు బరువు కాబట్టి అది అక్కడే ఉంటుంది. తుప్పు రేకులు, క్యాన్లతో పోసినప్పుడు పడ్డ నలకలు, నీరూ డీజిలూ కలిసే చోట పెరిగే నల్లటి జిగురు మడ్డి, అన్నీ అక్కడే చేరతాయి. ఎండాకాలమంతా కదలని బండి తొలకరికి దమ్ములోకి దిగి ఊగేసరికి ఆ మడ్డి లేస్తుంది. లోడులో డీజిల్ జోరుగా పారుతుంది కాబట్టి ఒక ఎండుటాకు ముక్కో గుడ్డ పీలికో వచ్చి ట్యాంకు కాక్ నోటికి అతుక్కుంటుంది. ఇంజిన్ ఆగితే లాగే బలం పోయి అది విడిపోతుంది, బండి మళ్లీ నడుస్తుంది. రోజుకు నాలుగుసార్లు ఇలా జరిగే బండికి పంపు మార్చించిన వాళ్లున్నారు. కారణం మాత్రం ట్యాంకులోనే ఉండిపోయింది.

దీన్ని తేల్చడానికి పరికరాలేమీ అక్కర్లేదు. కాక్ దగ్గర పైపు విప్పి, ధార నిండుగా పడుతోందో సన్నగా పడుతోందో ఒక సీసాలో పట్టి చూడాలి. ముప్పై సెకన్లు బాగా పడి తర్వాత సన్నబడినా లోపమే, కాబట్టి రెండు మూడు నిమిషాలు వదలాలి. సీసాలో పట్టిన డీజిల్‌ని కాసేపు కదపకుండా ఉంచితే అడుగున నీరు విడిగా కనిపిస్తుంది.

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 (భారత్ స్టేజ్-6 కాలుష్య ప్రమాణం) డీజిల్ వస్తోంది. అందులో గంధకం పరిమితి 10 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో పది. కొత్త డీజిల్‌లో జిడ్డు లేదని, పాత పంపులు అందుకే పోతున్నాయని ఊళ్లలో ఒక మాట ఉంది. గంధకం తీసే శుద్ధిలో జిడ్డు కొంత పోయే మాట నిజమే. ఆ లోటు తీర్చేలా రసాయనాలు కలుపుతారు, జిడ్డుదనానికి కూడా ప్రమాణం ఉంది. బంకు డీజిల్‌ని అనుమానించే ముందు అది మూడు వారాలు నిలవ ఉన్న ఇంటి డ్రమ్మును తెరిచి చూడటం మేలు.

ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న పైపు అసలు మాయదారి భాగం. ఫీడ్ పంపు ముందున్న పైపులో లాగుడు ఉంటుంది, దాటిన తర్వాత తోపుడు ఉంటుంది. తోపుడు వైపు సందు ఉంటే డీజిల్ బయటికి కారి తడిగా కనిపిస్తుంది. లాగుడు వైపు సందు ఉంటే ఇంజిన్ నడుస్తున్నప్పుడు డీజిల్ కారదు, గాలి లోపలికి పోతుంది. చూడటానికి పొడిగా, శుభ్రంగా ఉంటుంది. ఎక్కడా లీకు లేదు కదా అని వదిలేసే చోటే గాలి పట్టేది. పైపును బిగించే, మధ్యలో రంధ్రమున్న బాంజో బోల్టు దగ్గర నలిగిపోయిన రాగి వాషర్, నీరు, మడ్డి చేరే గాజు గిన్నె దగ్గర గట్టిపడ్డ రబ్బరు, ఇంజిన్ అదురుకి రాపిడి పడి పలచబడ్డ పైపు, ఈ మూడింటి మీదా కన్నుండాలి. పైన నిగనిగలాడుతున్న రబ్బరు పైపు కూడా లోపల పొర ఊడి, గట్టిగా లాగినప్పుడు ముడుచుకుపోతుంది. వేలితో నొక్కితే మరీ మెత్తగా అణిగిపోయే పైపును అనుమానం లేకుండా మార్చేయొచ్చు.

గాలి పడుతోందో లేదో కంటితో చూడాలంటే ఫీడ్ పంపుకు ముందు ఒక మూర పారదర్శకమైన డీజిల్ ట్యూబు బిగించి లోడు పెట్టి చూడాలి. బుడగలు పోతుంటే సందు వెనకాలే ఉంది. ఇంతకంటే సూటైన పరీక్ష ఇంకోటి ఉంది. శుభ్రమైన డీజిల్ పోసిన అయిదు లీటర్ల క్యాన్‌ను ఇంజిన్ కంటే ఎత్తులో, సైలెన్సర్‌కు దూరంగా గట్టిగా కట్టి, దాని ట్యూబును నేరుగా ఫీడ్ పంపుకు ఇచ్చి గాలి తీసి, అదే మడిలో అదే గేర్‌లో నడపాలి. బండి ఆగకుండా పోతే లోపం ట్యాంకు, కాక్, పైపుల్లోనే ఉంది. అప్పటికీ ఆగితే ఫీడ్ పంపు నుంచి ముందుకు వెతకాలి. ఒక్క పూటలో సగం అనుమానాలు తీరిపోతాయి. ఇంత చవకైన పరీక్షను వదిలేసి వేల రూపాయల పనికి ఎందుకు ఒప్పుకుంటారో అర్థం కాదు.

ఫీడ్ పంపులో, దాని బాంజో బోల్టులో ఉండే చిన్న జల్లెడను గుర్తుపెట్టుకోవాలి. ఫిల్టర్లు మార్చేవాళ్లు కూడా దీన్ని మర్చిపోతారు. కొన్ని ఇంజిన్లలో ఫీడ్ పంపు క్యామ్‌షాఫ్ట్ మీద నడుస్తూ ఇంజిన్ బ్లాకుకే బిగించి ఉంటుంది. దాని డయాఫ్రమ్ చిరిగితే డీజిల్ ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే సంప్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్‌పై ఆయిల్ మట్టం పెరుగుతూ, ఆయిల్ పలచబడి డీజిల్ వాసన వేస్తుంటే బండిని అక్కడే ఆపేయాలి. ఆయిల్ తగ్గలేదని సంతోషిస్తే బేరింగులు పోతాయి.

ఫిల్టర్ల గురించి అందరికీ తెలిసిందే, కాబట్టి ఎక్కువ చెప్పనక్కర్లేదు. సరైన సైజు ఫిల్టర్, కొత్త రబ్బరు రింగు, అంతే. 2016లో కేంద్రం మూసివేతకు ఆమోదం తెలిపిన హెచ్ఎంటీ ట్రాక్టర్ల లాంటి వాటికి షాపులో దగ్గరి సైజు ఏదో ఇచ్చేస్తుంటారు. పొడవు కొద్దిగా తక్కువైతే డీజిల్ ఫిల్టర్ కాకుండానే పక్క నుంచి పోతుంది. గాలి తీసేటప్పుడు ట్యాంకు వైపు నుంచి వరసగా రావాలి: మొదటి ఫిల్టర్, రెండో ఫిల్టర్, పంపు మీది స్క్రూ, చివర్న నాజిల్ పైపుల నట్లు. నాజిల్ పైపుల దగ్గర చెయ్యి అడ్డం పెట్టి చూడటం మాత్రం ప్రమాదం. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోంచి దూరి పోతుంది. చిన్న గాటులా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిన గాయం అది.

నల్ల పొగతో ఆగితే

డీజిల్ ఇంజిన్‌కి పెట్రోలు బండిలా గాలిని అదుపు చేసే మూత ఉండదు. రెండు లీటర్ల పైచిలుకు ఇంజిన్ 2000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి ఇంచుమించు 2000 లీటర్ల గాలి పీలుస్తుంది. ఖాళీగా తిరిగినా అంతే, లోడులో తిరిగినా అంతే. మారేది డీజిల్ ఒక్కటే. ఎయిర్ క్లీనర్ పూడిపోయి గాలి తగ్గినా, ఖాళీగా ఉన్నప్పుడు కాలే కొద్దిపాటి డీజిల్‌కు అది చాలా ఎక్కువ. గవర్నర్ డీజిల్ పెంచగానే లెక్క తప్పి నల్ల పొగ మొదలవుతుంది.

పాత బండ్లలో ఎక్కువగా ఆయిల్ బాత్ క్లీనర్ (గిన్నెలోని ఆయిల్‌తో దుమ్ము పట్టే ఎయిర్ క్లీనర్) ఉంటుంది. వరి నూర్పిళ్లలో, మొక్కజొన్న ఒలిచే యంత్రం పక్కన రోజంతా నిలబడిన బండిలో ఆ గిన్నెలోని ఆయిల్ రెండు మూడు రోజుల్లోనే బురదవుతుంది. గిన్నె కడిగి ఆయిల్ మార్చడం చాలామంది చేస్తారు. పైనున్న తీగల మెష్‌ను మాత్రం ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోరు. దాన్ని డీజిల్‌లో ముంచి కడిగి బాగా ఆరబెట్టాలి. ఆయిల్ గుర్తు దాటి పోస్తే ఇంకో ప్రమాదం: ఇంజిన్ ఆ ఆయిల్‌నే పీల్చుకుని దానితోనే నడవడం మొదలుపెడితే స్టాప్ కేబుల్ లాగినా ఆగదు. క్లీనర్ నుంచి సిలిండర్లకు గాలి పంచే మానిఫోల్డ్‌కు పోయే రబ్బరు గొట్టం లోపల పొర ఊడి మడతపడిందేమో కూడా చూడాలి. నెలల తరబడి కదలని బండి సైలెన్సర్‌లో కందిరీగలు మట్టిగూడు కట్టిన సందర్భాలూ ఉంటాయి. నిటారు సైలెన్సర్‌కు పైన రేకు మూత లేకపోతే వాననీరు కూడా దిగుతుంది.

అంతా శుభ్రంగా ఉండి కూడా నల్ల పొగ పోకపోతే నాజిళ్లను బెంచ్ మీద పరీక్షించాలి. ఇది ఇంటి దగ్గర చేసే పని కాదు. ఏ సిలిండర్ పనిచేయడం లేదో మాత్రం ఇంటి దగ్గరే తెలుసుకోవచ్చు. ఐడ్లింగ్‌లో ఒక్కో నాజిల్ పైపు నట్టును పానాతో కొద్దిగా వదులు చేస్తే, పనిచేసే సిలిండర్‌దైతే ఇంజిన్ తడబడుతుంది. తేడా ఏమీ రాలేదంటే ఆ సిలిండర్ అంతకుముందే పడుకుని ఉంది.

పంపు దాకా వస్తే

పంపు నిజంగా అరిగిపోయిందనడానికి గుర్తు వేడిలో కనిపిస్తుంది. రోటరీ రకం పంపులో లోపలి భాగాలకు డీజిలే ఆయిల్. నీరు, నలకలు పోతే మొదట దెబ్బతినేది అదే. ఇన్‌లైన్ పంపుకు కింద విడిగా ఆయిల్ ఉంటుంది కాబట్టి కాస్త ఓర్చుకుంటుంది. ఆ ఆయిల్ ఉందని గుర్తుపెట్టుకుని మార్చేవాళ్లు తక్కువ. అరిగిన రోటరీ పంపు ఉదయం బాగా పనిచేస్తుంది. మధ్యాహ్నానికి డీజిల్ వేడెక్కి పలచబడి, అరిగిన సందుల్లోంచి వెనక్కి జారిపోతూ ఒత్తిడి రాదు. బండి ఆగుతుంది, వేడి మీద స్టార్ట్ కాదు. ఇంజిన్ ఆగి ఉండగా పంపు మీద తడిగుడ్డ కప్పి, చల్లబడ్డాక సెల్ఫ్ కొడితే అందుకుందంటే పంపు పని అయిపోవచ్చిందని చెప్పొచ్చు. నడుస్తున్న వేడి పంపు మీద బకెట్ నీళ్లు గుమ్మరిస్తే మాత్రం లోపల పట్టేస్తుంది.

ఇక్కడ ఒక చెడ్డ అలవాటు గురించి చెప్పాలి. బండి లాగడం లేదనగానే పంపు మీది సీలు తెంపి మ్యాగ్జిమమ్ ఫ్యూయల్ స్క్రూ తిప్పడం. డీజిల్ పెంచాం, ఇక లాగుతుంది అంటారు. కొద్ది రోజులు నిజంగానే లాగుతుంది. గాలి చాలక ఆగుతున్న బండికి డీజిల్ పెంచితే పొగ పెరుగుతుంది, కాలని డీజిల్ లైనర్ల మీది ఆయిల్‌ని కడిగేస్తుంది, పిస్టన్ తల వేడెక్కుతుంది. రింగులు అరిగి బలం ఇంకా తగ్గుతుంది, మళ్లీ స్క్రూ తిప్పుతారు. ఆయిల్ పోసే మూత తీస్తే గుప్పుగుప్పుమని ఆవిరి కొట్టే పాత ఇంజిన్లలో కొన్నింటి చరిత్ర ఇలాగే మొదలై ఉంటుంది. ఆ స్థితికి వచ్చాక కంప్రెషన్ కొలిపించి బోరింగు పని చేయించడం తప్ప దారి లేదు. దానికి ముందు వాల్వులను కదిలించే ట్యాపెట్ల గ్యాప్ ఒకసారి చూడాలి. బిగుసుకున్న వాల్వు పూర్తిగా మూసుకోక కంప్రెషన్ పోయినట్టు కనిపిస్తుంది, ఆ పనికి అరపూట చాలు.

పంపు షాపుకు పంపక తప్పకపోతే, విప్పేముందు దాని ఫ్లాంజ్ మీదా ఇంజిన్ బాడీ మీదా కలిసేలా ఉలితో సన్నటి గీత పెట్టించాలి. ఫ్యాక్టరీ గుర్తు ఉంటే దాన్ని తుడిచి కంటికి కనిపించేలా చేయాలి. పంపు ఆ గీత మీద కాకుండా కొద్దిగా పక్కకు తిరిగి బిగిస్తే టైమింగ్ (డీజిల్ చిమ్మే సమయం) తప్పుతుంది. అది వెనకబడితే తెల్ల పొగ, వేడి, లోడులో నీరసం మళ్లీ మొదలవుతాయి. షాపు బెంచ్ మీద ఎన్ని ఆర్‌పీఎం దగ్గర ఒక్కో లైనులో ఎన్ని సీసీలు వచ్చాయో, మరమ్మతుకు ముందూ తర్వాతా చీటీ రాయించుకుని రావాలి. పంపును బండికి బిగించే ముందే ట్యాంకు, గాజు గిన్నె కడిగి, ఫిల్టర్లు మార్చి ఉండాలి. పాత మడ్డి ఒక్కరోజు పోయినా కొత్త పంపు వెనక్కి అదే షాపుకు చేరుతుంది.